మంచులో కాలిపోయిన మనిషి

సోఫియాలో ఆ జనవరి మధ్యాహ్నం మంచు తెరిపి లేకుండా పడుతోంది. ట్రాలీబస్ స్టాపులో జనం కాలర్లు పైకెత్తుకుని, చేతులు చంకల్లో దాచుకుని వణుకుతున్నారు. వాళ్ళ మధ్య ఒకడు కోటు విప్పాడు. తర్వాత స్వెటర్ విప్పాడు. ఆ తర్వాత చొక్కా బొత్తాలు తెంచుకున్నాడు.

"పట్టపగలే పట్టించినట్టున్నాడు" అంది క్యాబేజీల సంచితో నిలబడ్డ ముసలావిడ.

అతను తాగలేదు. పేరు పెన్యో వెల్చెవ్. కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్. అతని వీపు మీంచి ఆవిర్లు లేస్తున్నాయి. భుజాల మీద పడ్డ మంచు పడ్డట్టే నీరైపోతోంది. బస్సు వచ్చింది. ఎక్కడానికి కాలెత్తబోయాడు, లేవలేదు. ఒళ్ళంతా నిప్పుల కొలిమిలా ఉంది, అయినా ఒక్క మెట్టెక్కే సత్తువ లేదు. మంచులో కూలబడ్డాడు.

"ఎవరైనా కిటికీ తెరవండి" అన్నాడు, ఆరుబయట. అవే అతని ఆఖరి మాటలు.

ఆస్పత్రిలో గుండెపోటని రాశారు. సంతకం పెట్టిన డాక్టరమ్మ వెళ్ళబోతూ శవం నుదుటి మీద చెయ్యి వేసి ఆగిపోయింది. థర్మామీటర్ తెప్పించింది. కాసేపాగి మళ్ళీ పెట్టి చూసింది. చనిపోయిన మనిషి చల్లబడాలి. ఇతను ఇంకా వేడెక్కుతున్నాడు.

ఆమె రాసిన కాగితం చించేసి ఒక నంబరుకు ఫోన్ చేసింది.

* * *

సీక్రెట్ సర్వీసులో కల్నల్ దెస్పోవ్‌కి కడుపులో పుండు. కాఫీ మానేసి మజ్జిగ తాగుతూ ప్రపంచం మీద కసి పెంచుకుంటున్నాడు.

"దీనికి మనం పెట్టుకున్న పేరు ఇగ్లిక" అన్నాడు. "వసంతంలో పూసే పసుపుపచ్చటి పువ్వు. పొడి కూడా అదే రంగు."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ ఒగ్న్యాన్ స్తోయిలొవ్ ఒకప్పుడు కుస్తీలో జాతీయ జట్టు మనిషి. చెవులు రెండూ నలిగి క్యాలీఫ్లవర్‌లా ముద్దకట్టి ఉంటాయి. వాటిని చూసినవాళ్ళెవరూ అతనికి బుర్ర ఉందనుకోరు. ఈ ఉద్యోగంలో అది పెద్ద ఆస్తి.

"ఏం చేస్తుంది?" అన్నాడు.

"మనం తిన్న తిండి ఒంట్లో మండి సత్తువవుతుంది కదా. ఇది పడితే తిండి మండుతుంది, సత్తువ మాత్రం రాదు. అంతా వేడే. మిగతాది ప్రొఫెసర్ యానకీవ్‌ని అడుగు. కెమిస్ట్రీ నాకు స్కూల్లోనే ఎక్కలేదు."

"విరుగుడు?"

"లేదు."

దెస్పోవ్ ఒక ఫోటో బల్ల మీద తోశాడు. నెరిసిన జుట్టు, ఖరీదైన మఫ్లర్. "లీట్నర్. పాస్‌పోర్ట్ ఆస్ట్రియాది. మనిషి ఎక్కడివాడో ఆస్ట్రియా వాళ్ళకీ తెలీదు. కమ్యూనిస్టులు పోయాక ఈ దేశంలో అమ్మడానికి పనికొచ్చే ప్రతిదీ ఎవడో ఒకడు అమ్ముకుంటున్నాడు. వీడు మాత్రం ఒక లేబొరేటరీ సరుకంతా పీపాలకెత్తి కొనేశాడు. వాటిని ఎక్కడ దాచాడో మనకి తెలీదు. పెన్యో వాసన పట్టాడు, అందుకే పోయాడు. సరిహద్దుకి అవతల బేరగాళ్ళు కాచుకుని ఉన్నారు. కాకపోతే ఒక షరతు పెట్టారు. గట్టి కాపలాలో ఉన్న మనిషి పోవాలి, డాక్టర్లు గుండెపోటని రాయాలి. అప్పుడే సరుకు తీసుకుంటారు."

"ఆ మనిషి యానకీవ్."

"ప్రొఫెసర్ మెతోది యానకీవ్. పోయినవాడి రక్తంలో ఇగ్లికని పట్టే పరీక్ష ఆయనకొక్కడికే తెలుసు. ఆయన పోతే ఇక ఎవరిని చంపినా గుండెపోటే. ముసలాయన కీళ్ళనొప్పులని చెప్పి రోదోపీ కొండల్లో 'యెలా' అనే శానటోరియంకి వెళ్ళి కూర్చున్నాడు. వేడినీళ్ళ బుగ్గలు. వద్దంటే, నీళ్ళలోంచి బయటికి రానన్నాడు."

"వేడినీళ్ళ తొట్టిలో ముసలాయన వేడెక్కి పోతే ఎవరికీ అనుమానం రాదు."

"లీట్నర్‌కీ అదే తట్టింది. అక్కడే గది బుక్ చేసుకున్నాడు." ఇంకో ఫోటో ముందుకొచ్చింది. నల్లటి గౌను, మైకు ముందు నిలబడ్డ ఆడమనిషి, కెమెరాని కూడా లెక్కచెయ్యని చూపు. "వాడి పక్కనున్న ఈమె మన ఏజెంట్. కోడ్ నేమ్ వానకోవెల. వియన్నాలో పాటలు పాడేది. వాడు తన మనిషే అనుకుంటున్నాడు. అసలు పేరు రాలిత్సా వెల్చెవా."

ఒగ్న్యాన్ తలెత్తాడు. "వెల్చెవా?"

"పెన్యో చెల్లెలు. ఆ సంగతి లీట్నర్‌కి తెలీదు."

"అన్న పోయాక కూడా ఆమె మన ఆర్డర్లు వింటుందంటారా?"

"అది కనుక్కునే పని నీది" అన్నాడు దెస్పోవ్, మజ్జిగ గ్లాసును శత్రువును చూసినట్టు చూస్తూ. "లీట్నర్ ప్రాణాలతో కావాలి. పీపాల జాడ తెలిసింది వాడికొక్కడికే. ప్రొఫెసర్ బతకాలి, వాడూ బతకాలి. రెండోది నీకు నచ్చదని తెలుసు."

* * *

యెలా శానటోరియంలో స్నానాల హాలు గోడలకు ఆకుపచ్చ పలకలు. నీళ్ళ ఆవిరికి అవి ఎప్పుడూ చెమట పట్టినట్టు ఉంటాయి. తెల్ల ప్యాంటు, రబ్బరు చెప్పులు, భుజం మీద తువ్వాళ్ళతో ఒగ్న్యాన్ కొత్త అటెండెంట్‌గా దిగాడు. జేబులో టెక్నికల్ సెక్షన్ వాళ్ళిచ్చిన కాగితం ముక్కలున్నాయి. ఇగ్లిక తగిలితే పచ్చబడతాయట. తొట్టి నీళ్ళలో ముంచాడు, పచ్చబడింది. సబ్బులో ముంచాడు, పచ్చబడింది. కొండ ప్రాంతంలో రోజూ తాగే మూలికల టీలో ముంచాడు, అదీ పచ్చబడింది. అన్నీ చెత్తబుట్టలో పడేశాడు.

ప్రొఫెసర్ మెడదాకా నీళ్ళలో కూర్చుని అతన్ని ఎగాదిగా చూశాడు.

"చెవులు చూస్తే పోలీసువి. చెప్పులు చూస్తే అటెండెంట్‌వి. రెంటిలో ఏది అబద్ధం?"

"రెండూ, ప్రొఫెసర్ గారూ. దెస్పోవ్ పంపాడు."

"వాడి కడుపు తగ్గిందా?"

"లేదు."

"బాగుంది." ముసలాయన తృప్తిగా నీళ్ళు చిలకరించుకున్నాడు. "ఇక అడుగు. అందరూ అడిగేదేగా, ఆ పొడి ఏం చేస్తుందని."

"కల్నల్‌కి అర్థం కాలేదన్నాడు."

"ఆనకట్ట చూశావా ఎప్పుడైనా? ఒక పక్క నీళ్ళు నిండుగా పేరుకుంటాయి. సన్నటి దారిలోంచి తోసుకొస్తూ టర్బైన్ తిప్పుతాయి, కరెంటు పుడుతుంది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ అలాంటి ఆనకట్టలు వందలున్నాయి. చెయ్యెత్తాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా ఆ కరెంటే. ఇగ్లిక పోయి ఆ గోడకి కన్నాలు పెడుతుంది. నీళ్ళు పోతూనే ఉంటాయి, టర్బైన్ తిరగదు. కణం కంగారుపడి ఇంకా తిండి మండిస్తుంది, ఇంకా, ఇంకా. మంటంతా వేడైపోతుంది. మనిషి పొయ్యిలా మండుతూ, పొయ్యిలాగే కదల్లేక కూర్చుంటాడు."

"దీన్ని కనిపెట్టింది మీరేనా?"

"కలుపు మొక్కల కోసం. ఆ మొక్కలు నన్నెప్పుడూ బూతులు తిట్టలేదు. నువ్వు కూడా తిట్టకు. తువ్వాలియ్యి."

* * *

లీట్నర్ సాయంత్రం దిగాడు. రాలిత్సా నక్కతోలు కోటులో అతని మోచెయ్యి పట్టుకుని వచ్చింది. రిసెప్షన్‌లో కూర్చున్నావిడ ఆ కోటు వంక చూసి, రోగం ఏమిటని అడగడం మర్చిపోయింది.

మర్నాడు పొద్దున ఆడవాళ్ళ స్నానాల హాలుకి పోయే నడవాలో ఒగ్న్యాన్ తువ్వాళ్ళ బండి తోసుకుంటూ ఎదురొచ్చాడు.

"నీళ్ళు ఇవాళ గంధకం వాసనేస్తున్నాయి" అన్నాడు, కోడ్ ప్రకారం.

"మా ఊళ్ళో నీళ్ళకి వాసనే ఉండదు" అంది ఆమె, అదీ కోడ్ ప్రకారమే. తర్వాత కోడ్‌లో లేనిది అంది. "మొత్తం సర్వీసులో ఇంతకన్నా అందగాడు దొరకలేదా?"

"అందగాళ్ళందరూ బిజీ. పీపాలెక్కడున్నాయో తెలిసిందా?"

ఆమె తల పైకీ కిందికీ ఊపింది. అంటే లేదని. ఈ దేశంలో అంతే, తల నిలువుగా ఊపితే లేదు, అడ్డంగా ఊపితే అవును. బయటి దేశాలవాళ్ళది దీనికి సరిగ్గా తలకిందులు.

"వియన్నాలో ఇన్నేళ్ళున్నా మెడ మాత్రం మన ప్లోవ్‌దివ్ మెడే" అన్నాడు ఒగ్న్యాన్.

"నీ దగ్గర. వాడి ముందు నా మెడ కూడా జర్మన్ మాట్లాడుతుంది." గొంతు తగ్గించింది. "ఇవాళే. స్నానం తర్వాత ప్రొఫెసర్ టీ తాగుతాడు కదా. టీ పచ్చగా ఉంటుంది, చేదుగా ఉంటుంది. పొడీ అంతే. కలపాల్సింది నేను. వాడు పక్కనే కూర్చుని కబుర్లు చెప్తూ చూస్తాడట. చూడ్డం వాడికి ఇష్టం."

"మరి నువ్వేం కలుపుతావు?"

"ఈస్టర్ పండక్కి గుడ్లకి వేసే రంగు. పచ్చటిది. ముసలాయన తాగి, చెమట పట్టినట్టు నటించి పడిపోవాలి. లీట్నర్ బేరగాళ్ళకి ఫోన్ చేస్తాడు. మీరు ఆ ఫోన్ వింటారు. పీపాల జాడ దొరుకుతుంది. అయిపోయింది."

"అసలు పొడి?"

"లిప్‌స్టిక్ గొట్టంలో ఉంది."

"నాకియ్యి."

"ఇవ్వను. వాడు మధ్యలో చూపించమంటే ఏం చూపించను? నీ చెవులా?"

ఒగ్న్యాన్ బండికి అడ్డంగా నిలబడ్డాడు. "మీ అన్న సంగతి నాకు తెలుసు."

"నీకేం తెలుసు?" ఆమె మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. "మా అన్నని మంచులో పడేసి, ఆ మర్నాడే వాడు నన్ను డిన్నర్‌కి తీసుకెళ్ళాడు. పక్కన కూర్చుని తిన్నాను. నవ్వాను కూడా. నువ్వు తెలుసుకోవాల్సింది ఇంకేం లేదు. పక్కకి జరుగు."

అతను జరిగాడు. నక్కతోలు కోటు మూల తిరిగి పోయింది. ఆమె మాటలన్నీ నమ్మేట్టే ఉన్నాయి. అదే అతనికి నచ్చలేదు.

* * *

స్నానాల హాలు పక్కన విశ్రాంతి గదిలో వెదురు కుర్చీలు, అద్దాల గోడ, అవతల మంచుతో వంగిన ఫర్ చెట్లు. ప్రొఫెసర్ తెల్ల బాత్‌రోబులో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ప్లాను ఆయనకు చెప్పారు. పడిపోయినట్టు నటించాలంటే, "కాలేజీ మీటింగుల్లో నలభై ఏళ్ళు చేసింది అదే" అన్నాడు.

లీట్నర్ పక్క కుర్చీలో చేరి, వైన్ వ్యాపారినని పరిచయం చేసుకున్నాడు. మర్యాదగా మాట్లాడాడు. మాట్లాడుతూ ముసలాయన మెడ నరాన్నీ, నుదుటినీ చూస్తున్నాడు, సంతలో పశువును చూసినట్టు.

రాలిత్సా ట్రే తెచ్చింది. మూడు కప్పులు. ఒకటి ప్రొఫెసర్ ముందు పెట్టింది. ఒకటి లీట్నర్ ముందు. ఒకటి తనకి. ఒగ్న్యాన్ అద్దాల గోడ పక్కన తువ్వాళ్ళు మడత పెడుతున్నాడు. ఒకే తువ్వాలు మళ్ళీ మళ్ళీ.

ప్రొఫెసర్ చెంచాతో టీ కలుపుకుంటుండగా లీట్నర్ ఆమె వైపు వాలాడు.

"కలిపావా?"

ఆమె తల పైకీ కిందికీ ఊపింది.

లీట్నర్ సంతోషంగా వెనక్కి వాలాడు. అతనికి అందిన జవాబు అవును. ఒగ్న్యాన్ చేతిలో తువ్వాలు ఆగిపోయింది. అతనికి అందిన జవాబు లేదు. కానీ ఈ మెడ ఇప్పుడు ఏ భాష మాట్లాడింది? వియన్నాదా, ప్లోవ్‌దివ్‌దా? వాడితో నిజం చెప్పిందా, నాతో చెప్పిందా?

ప్రొఫెసర్ కప్పెత్తి రెండు గుక్కలు తాగాడు. "పంచదార తక్కువైంది" అన్నాడు.

ఒగ్న్యాన్ ఒక అడుగు వేశాడు. ఇప్పుడు కప్పు తోసేస్తే ప్లాను మొత్తం నాశనం. తొయ్యకపోతే ముసలాయన తన చేతులమీదే పోవచ్చు. అప్పుడతను రాలిత్సా కళ్ళు చూశాడు. ఆమె ప్రొఫెసర్‌ని చూడటం లేదు. ఆయన కప్పునీ చూడటం లేదు. ఒకడి చావు కోసం ఎదురుచూసే మనిషి ఆ ఒకడి కప్పునే చూస్తుంది. ఆమె రెప్ప వెయ్యకుండా లీట్నర్ కప్పును చూస్తోంది.

రెండు జవాబులూ నిజమే. కలిపింది. ప్రొఫెసర్‌కి కలపలేదు.

లీట్నర్ కప్పును పెదాల దగ్గరికి తెచ్చాడు. ఒక్క క్షణం ఒగ్న్యాన్‌కి ఊరుకోవాలనిపించింది. తువ్వాలు మడతపెడుతూ ఉంటే చాలు. ఎవరూ తప్పుపట్టరు. అప్పటికే అతని కాళ్ళు నేల వదిలాయి. పాత కుస్తీ దూకుడు. కుర్చీ, మనిషి, కప్పు, అన్నీ ఒకేసారి పలకల మీద పడ్డాయి. పచ్చటి టీ లీట్నర్ వేళ్ళ మీదా, తెల్ల చొక్కా మీదా చిమ్మింది.

కప్పు పిడి ఒక్కటీ దొర్లుకుంటూ పోయి గోడ దగ్గర ఆగింది.

లీట్నర్ తన వేళ్ళ వంక చూసుకున్నాడు. పచ్చరంగు చర్మానికి పట్టేసింది. రుద్దాడు, పోలేదు. నెమ్మదిగా రాలిత్సా వైపు తల తిప్పాడు.

"నువ్వా?"

"పెన్యో వెల్చెవ్ మా అన్న."

"ఎవరు?" అన్నాడు లీట్నర్. నటించడం లేదు, నిజంగానే గుర్తులేదు.

"కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్. ట్రాలీబస్ స్టాపు."

"ఆ... అదా" అన్నాడు. "అది ఊరికే ట్రయల్."

ఒగ్న్యాన్ ఒక చేత్తో లీట్నర్‌ని నేలకు అదిమి పెట్టి, ఇంకో చేత్తో రాలిత్సా మణికట్టు పట్టుకోవాల్సి వచ్చింది. ఆమె చేతిలో కప్పు పెంకు ఉంది.

* * *

లీట్నర్‌కి చెమటలు పట్టడం మొదలైంది. ముందు నుదుటి మీద, తర్వాత మెడ మీద.

"నోట్లోకి పోయింది" అన్నాడు. "ఒక గుక్క. కొంచెం. ప్రొఫెసర్, మీరు డాక్టరా?"

"కాను. కెమిస్టుని" అన్నాడు యానకీవ్, కుర్చీలోంచి లేవకుండా. "వేడిగా ఉందా?"

"ఉంది."

"కాళ్ళలో సత్తువ?"

లీట్నర్ లేవబోయాడు. మళ్ళీ కూలబడ్డాడు. "లేదు."

"ఆఁ, అలాగే మొదలవుతుంది. మందు లేదు బాబూ. నీకు తెలుసుగా, కొన్నది నువ్వేగా. ఐసు ఒక్కటే. ఒంటిని చల్లబరుస్తూ పోవాలి, అదృష్టం బాగుంటే గుండె తట్టుకుంటుంది. ఏమయ్యా మల్లుడూ, చన్నీళ్ళ తొట్టి ఎక్కడ?"

చన్నీళ్ళ తొట్టిలో మంచు పారలతో తెచ్చి పోశారు. లీట్నర్ బట్టలతోనే దిగి గడ్డందాకా మునిగాడు. ప్రొఫెసర్ కుర్చీ తెప్పించుకుని పక్కనే కూర్చున్నాడు.

"మంచు కరిగిపోతోంది" అన్నాడు లీట్నర్, పళ్ళు టకటకలాడుతుంటే.

"కరగదూ మరి. లోపల పొయ్యి ఉందిగా. ఇంకా తెమ్మంటాను. అటెండెంటు కాస్త నెమ్మదస్తుడు. పీపాలెక్కడున్నాయో చెప్తే హుషారొస్తుందేమో."

ఒగ్న్యాన్ పారకి ఆనుకుని నిలబడ్డాడు.

లీట్నర్ అతన్ని చూశాడు. తన పచ్చటి వేళ్ళను చూసుకున్నాడు. చెప్పాడు. పీపాలు బట్టల రంగుల పేరుతో లారీలో ఉన్నాయి. లారీ సరిహద్దున రూసే దగ్గర డాన్యూబ్ వంతెన వైపు పోతోంది. ఫోన్ వచ్చాకే దాటమని తను చెప్పాడు, కానీ ఆ డ్రైవరు తొందరమనిషి. అవతలి ఒడ్డున ఎదురుచూస్తున్న వాళ్ళ పేర్లు చెప్పాడు. లేబొరేటరీలో సరుకు అమ్మినవాడి పేరు చెప్పాడు. అడగని పేర్లు కూడా చెప్పాడు. ఒగ్న్యాన్ పార వదిలేసి పరిగెత్తాడు.

రిసెప్షన్‌లో ఒకే ఫోను. అక్కడి ఆవిడ చెల్లెలికి పులిసిన క్యాబేజీలో ఉప్పెంత వెయ్యాలో చెప్తోంది.

"పెట్టెయ్యండి."

"వరసలో నిలబడు. అటెండెంట్లకి ఫోను సాయంత్రం..."

అతను ఆమె చేతిలోంచి రిసీవర్ లాక్కుని, చెల్లెలికి క్షమాపణ చెప్పి, దెస్పోవ్ నంబరు తిప్పాడు.

రూసేలో ఆ లారీ కాగితాల మీద ముద్ర పడిపోయింది. గేటు పైకి లేచింది. ముందు చక్రాలు వంతెన ఎక్కాయి. అప్పుడు కస్టమ్స్ గదిలో ఫోను మోగింది. పెన్యో స్థానంలోకి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ రిసీవర్ చెవి దగ్గర ఉండగానే గేటు తాడు వదిలేశాడు. గేటు కర్ర లారీ బానెట్ మీద పడి రెండు ముక్కలైంది. ఇంజన్ ఆగిపోయింది. డ్రైవరు దిగి పరిగెత్తాడు. పరిగెత్తడానికి ఒకవైపు నది, మిగతా మూడువైపులా పోలీసులు.

* * *

ఒగ్న్యాన్ తిరిగొచ్చేసరికి ప్రొఫెసర్ ఇంకా తొట్టి పక్కనే ఉన్నాడు.

"వీడు బతుకుతాడా?" అని అడిగాడు ఒగ్న్యాన్.

"ఎందుకు బతకడు?" ముసలాయన గొంతు తగ్గించాడు. "వేళ్ళు చూశావుగా, తగిలినచోటల్లా పట్టేస్తుంది ఆ రంగు. పెదాలు చూడు, నాలుక చూడు. చుక్క తగల్లేదు. ఆ చెమట భయానిది."

"ముందే తెలుసా మీకు?"

"నువ్వు వాడిని పడేసిన మరుక్షణమే. ఇంకాసేపు ఉండనీ. జలుబు చేస్తే చెయ్యనీ."

రాలిత్సా విశ్రాంతి గదిలోనే, అద్దాల గోడ ముందు నిలబడి ఉంది. కోటు కుర్చీ మీద పడేసి ఉంది. ఒగ్న్యాన్ చెయ్యి చాపాడు. ఆమె లిప్‌స్టిక్ గొట్టం అతని అరచేతిలో పెట్టింది. సగం ఖాళీ.

"వాడిని కాపాడావు" అంది.

"ఆర్డరు."

"నన్ను హంతకురాలు కాకుండా కాపాడానని మాత్రం అనకు. వింటే కక్కొస్తుంది."

"అనను."

"ఇంకో క్షణం ఆగి ఉంటే నీదేం పోయేది?"

"పీపాలు పోయేవి" అన్నాడు ఒగ్న్యాన్. "పేర్లన్నీ చెప్పాడు. మీ అన్న ఆరా తీసినవాళ్ళే, అందరూ."

ఆమె అద్దంలోంచి ఫర్ చెట్లను చూస్తూ ఉండిపోయింది. కంటతడి పెడుతుందేమో అనుకున్నాడు. పెట్టలేదు. "నిన్ను నేను క్షమించను" అంది చివరికి, మామూలు గొంతుతో.

"సరే" అన్నాడతను. కోటు తీసి అందించాడు. ఆమె తీసుకోలేదు. పలచటి గౌనుతోనే బయటికి మంచులోకి నడిచి, పోలీసు కారు కోసం చూస్తూ మెట్ల మీద నిలబడింది, వణుకుతూ.

ఒగ్న్యాన్ రిపోర్టులో లీట్నర్ కప్పులో కలిపినదాని ప్రస్తావన రాలేదు. అటెండెంటు కాలుజారి అతిథి మీద పడ్డాడని రాశాడు. దెస్పోవ్ చదివి, కుస్తీలో జాతీయ జట్టుకి ఆడినవాడు కాలుజారాడా అని అడిగాడు. పలకలు తడిగా ఉన్నాయన్నాడు ఒగ్న్యాన్. దెస్పోవ్ సంతకం పెట్టాడు.

లీట్నర్ ఇప్పుడు సోఫియా జైల్లో ఉన్నాడు. ఉత్తరం వైపు గది. జలుబు ఇంకా తగ్గలేదు. హీటర్ పనిచెయ్యడం లేదని, చలికి చచ్చిపోయేలా ఉన్నానని వారం వారం ఫిర్యాదు పెడుతున్నాడట. దాని మీద దర్యాప్తు నిదానంగా సాగుతోంది.